దొంగ తప్పులు

సోమవారం

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. ఆ మాటకొస్తే ప్రస్తుతం నేనూ చదవలేను.

బోర్లా పడుకుని రాస్తున్నాను. బల్లమంచానికి తలవైపు గుండ్రంగా కోసిన కన్నంలోంచి ముఖం కిందికి వేలాడుతోంది. చెయ్యి పక్కనుంచి దించి, నేల మీద పెట్టిన పుస్తకంలో గీస్తున్నాను. ఆ కన్నం కోసింది మా బావమరిది. వడ్రంగి. నా ముఖం చుట్టూ టేపు పెట్టి, "బావా, ఈ తలకాయకి మంచం చాలదు, గుమ్మం కొయ్యాలి" అన్నాడు. అంచు ఒరుసుకోకుండా స్పాంజి కూడా అతికించాడు. అయినా పడుకునే ముందు పలకను నాలుగువైపులా తట్టి చూశాను. వాడు చూడనట్టు నటించాడు.

జరిగిందేమిటో ఒకసారి రాసుకోవాలి. రాసుకుంటే తప్ప నాకేదీ జరిగినట్టుండదు. నా చదివే కన్ను కుడిది. ఎడమది చిన్నప్పటి నుంచీ సోమరిపోతు. మనిషికీ గోడకీ తేడా చెబుతుంది, పెద్దక్షరాలు పోల్చుకుంటుంది, అచ్చు అక్షరం మాత్రం ముక్కుకు ఆనించి వెలుతురు చూపిస్తే గానీ ఒప్పుకోదు. ఇన్నేళ్ళూ నిఘంటువు ఆఫీసులో ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసింది కుడికన్నే. దాని లోపలి పొర ఊడొచ్చింది. కళ్ళ డాక్టరమ్మ అతికించి, లోపల గ్యాస్ బుడగ పెట్టి కట్టు కట్టింది.

"ఆ బుడగే మీకు కాపలా. తల దించుకున్నంతసేపూ అది పైకి తేలి పొరను అదిమి పట్టుకుంటుంది. తల ఎత్తారా, పక్కకు జారుతుంది. పొర మళ్ళీ ఊడితే చదవడం కష్టం. వచ్చే వారం మంగళవారం చూస్తాను. అందాకా ఎత్తరనే అనుకుంటాను" అంది.

తిండి తల దించుకునే. నిద్ర తల దించుకునే. స్నానాల గదికి వెళ్ళినా తల దించుకునే, గోడ పట్టుకుని. నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు.

మంగళవారం

ఇప్పుడు నాకు మనుషులంటే పాదాలే. మా ఆవిడ కుడికాలి చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇవాళే చూశాను. ఎప్పటి నుంచి అని అడిగితే, "పుట్టినప్పటి నుంచి" అంది.

ఆఫీసు నుంచి ఆఖరి ప్రూఫులు రావాలి. ఈ సంపుటంలో నా వంతు 'ట్రస్ట్' అనే క్రియ దగ్గర మొదలై మరికొన్ని పేజీలతో ముగుస్తుంది. మా ఆఫీసు పెద్దాయన "ఇంకెవరైనా సంతకం పెడతారులే, నువ్వు కన్ను చూసుకో" అని కబురు పెట్టాడు. నా పేజీకి ఇంకొకరి సంతకమా? కుదరదన్నాను. అందుకని మా ఆవిడ చదువుతుంది, నేను వింటాను.

చదవడానికి ఆమెకేం లోటు లేదు. బస్టాండులో అనౌన్సర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు. నా కోసం సెలవు పెట్టింది. కామా దగ్గర ఆగుతుంది, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి తీసుకుంటుంది. కానీ బస్సు పేరు తప్పు చదివితే జనం పరిగెత్తుకొచ్చి అడుగుతారు. నిఘంటువులో తప్పు చదివితే ఎవడొచ్చి అడుగుతాడు?

బుధవారం

కిందికి చూస్తూ పడుకుంటే మనిషికి చేసే పనేముంటుంది? ఆ క్రియ గురించే ఆలోచిస్తున్నాను.

మా ఆఫీసు నియమం: ఏ అర్థానికైనా మూడు ఆధారాలు. ఇంగ్లీషు వాక్యం పుస్తకాల్లోంచి, దాని పక్కన తెలుగు వాక్యం మనుషుల నోళ్ళలోంచి. ఎవరో నిజంగా అనాలి, మనం నిజంగా వినాలి. సొంతంగా అల్లితే ఉద్యోగం పోతుంది. నేను ఇద్దరి ఉద్యోగాలు పోగొట్టాను కూడా.

ఒక మనిషిని నమ్మడం మొదటి అర్థం. దానికి ఆధారాలు బస్తాలకొద్దీ ఉన్నాయి. ఒకరి చేతికి ఒకటి అప్పగించడం రెండోది. "ఇల్లు పక్కింటావిడకు అప్పగించి ఊరెళ్ళాం" అని దాని కింద వేశాను. మా ఆవిడ ఎప్పుడో ఫోనులో ఎవరితోనో అంటుంటే విని రాసుకున్న వాక్యం. మూడోది మర్యాదకు వాడేది, ఇంగ్లీషులో 'ఐ ట్రస్ట్' అని మొదలయ్యేది, డాక్టరమ్మ అన్న "ఎత్తరనే అనుకుంటాను" లాంటిది. పైకి మెత్తగా ఉంటుంది, లోపల బెత్తం ఉంటుంది. నాలుగోది వెటకారం, ఇంగ్లీషులో 'ట్రస్ట్ యూ' అని దెప్పేది: "ఇలాంటి పని మీరు కాక ఇంకెవరు చేస్తారు!" దీనికి మూడు ఆధారాలూ మా వంటింట్లోనే దొరికాయి, ఒక్క పూటలో.

అయిదోదే తేలలేదు. ఒకరిని వెనకే నిలబడి చూడకుండా, వాళ్ళ మానాన వాళ్ళను వదిలేయడం. రెండు వాక్యాలు దొరికాయి. మూడోదాని చోటు ఖాళీ. ఎన్నాళ్ళుగానో చెవులు రిక్కించుకుని తిరిగాను. మన చుట్టూ ఎవరూ ఎవరినీ అలా వదిలిపెట్టరేమో, నాకేం తెలుసు?

బుధవారమే, సాయంత్రం

ఒక ఏర్పాటు చేశాను. తప్పేమీ కాదు. ఆఫీసులో అందరికీ చేసేదే.

మా దగ్గర కొత్తగా ప్రూఫులు చదవడానికి ఎవరొచ్చినా, వాళ్ళకు చెప్పకుండా పేజీలో రెండు మూడు తప్పులు కావాలని పెట్టి ఇస్తాం. దొంగ తప్పులంటాం. పట్టుకుంటే ఉద్యోగం, లేకపోతే నమస్కారం. పెట్టడంలో నాది అందె వేసిన చెయ్యి. మా ఆఫీసులో కామా అని పిలిచే ఆవిడ ఉంది. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకే తెలుసు. ఆమె కూడా ఒకప్పుడు నా దొంగ తప్పులు దాటుకునే లోపలికి వచ్చింది.

మా ఆవిడ మందుల షాపుకు వెళ్ళినప్పుడు కామాకు ఫోను చేశాను. 'ట్రస్ట్' పేజీలో రెండు పెట్టి పంపమన్నాను.

"ఎవరికి మాస్టారూ పరీక్ష?" అంది.

"మా ఆవిడకి."

"అక్కయ్యగారికా?" అంది.

"పేజీ మంచి కోసమే కదమ్మా."

"అప్పగించి అన్నచోట అమ్మేసి అని పెడతాను. నమ్మాను అన్నచోట నమ్మలేను అని పెడతాను. చాలా?"

"చాలు."

"మాస్టారూ, నన్ను మాత్రం ఇరికించకండి" అని పెట్టేసింది.

గురువారం

కామా వచ్చింది. ప్రూఫులు, వాటితోపాటు నా రాతప్రతి ఇచ్చింది. నల్లచెప్పులు, మడమ దగ్గర అరిగినవి. గుమ్మం దగ్గర ఇద్దరూ గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకున్నారు.

శుక్రవారం

మా ఆవిడ చదివింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను.

"ఇల్లు పక్కింటావిడకు అప్పగించి ఊరెళ్ళాం, ఫుల్‌స్టాప్" అంది. అప్పగించి! పేజీలో ఉన్నది అమ్మేసి. తర్వాత "నీ మాట నమ్మాను" అంది. పేజీలో ఉన్నది నమ్మలేను. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. పేజీ అయిపోయింది.

"ఏమైనా తప్పులున్నాయా?" అన్నాను, మామూలుగా అడిగినట్టు.

"అంతా బాగుంది. మీరు హాయిగా పడుకోండి" అంది.

అంతా బాగుందట! కళ్ళు కాగితం మీద లేవన్నమాట. నోటికొచ్చిన వాక్యం, అందులోనూ ఒకప్పుడు తను అన్నదే, అప్పజెప్పేసింది. మిగతా పేజీలు కూడా ఇలాగే చదువుతుందా? నేను ఇక్కడ కోడిపెట్టలా పొదుగుతూ పడుకుంటే అక్కడ నా పేజీలు గాలికి పోతున్నాయి. అడగలేను. అడిగితే దొంగ తప్పుల సంగతి బయటపడుతుంది. లేచి చూడలేను. చూస్తే కన్ను.

ఆమె మీద కోపం లేదు. చదివి చదివి అలిసిపోయి ఉంటుంది. నాకు పేజీ గురించే బెంగ.

శనివారం

ఒక్క నిమిషం.

ఆమె స్నానానికి వెళ్ళింది. పేజీ ముందుగదిలో బల్ల మీద ఉంది. తల దించుకునే నడిచాను. వంగి చదువుదామనే అనుకున్నాను గానీ, వంగితే నా తల నీడే కాగితం మీద పడుతోంది, ఎడమకంటికి ఏమీ ఆనడం లేదు. కిటికీ వైపు కాగితం ఎత్తి ముక్కుకు ఆనించాను. ఒక్క నిమిషం.

ఎర్రపెన్సిలుతో కొట్టేసి ఉంది. 'అమ్మేసి' మీద గీత, పక్కన ఆమె గుండ్రటి రాతలో 'అప్పగించి'. 'నమ్మలేను' మీద గీత, పక్కన 'నమ్మాను'. రెండూ పట్టుకుంది. ఇంకొక ఎర్రగీత కూడా ఉంది. నాలుగో అర్థం చూడండి అనాల్సిన చోట మూడో అర్థం చూడండి అని ఉంటే దిద్దింది. అది నేను పెట్టించింది కాదు. కంపోజింగు వాళ్ళ పనే అయుండాలి.

తిరిగొచ్చి పడుకున్నాను. ఆమె వచ్చేసరికి నేను ఉన్నచోటే ఉన్నాను.

మనసు కుదుటపడాలి కదా? పడలేదు. పట్టుకున్నదానివి నాతో ఎందుకు చెప్పలేదు? ఉన్నది ఉన్నట్టు చదవకుండా దిద్దింది ఎందుకు చదివావు? కామా చెప్పేసి ఉంటుంది. గుమ్మం దగ్గర గుసగుసలు అవే. ఇద్దరూ కలిసి నన్ను బోర్లా పడుకోబెట్టి ఆడిస్తున్నారు. ముందే తెలిసి దిద్దితే అది పరీక్ష కాదు. ఈ పరీక్ష లెక్కలోకి రాదు.

ఆదివారం

రెండో పేజీ చదివింది. దీంట్లో దొంగ తప్పులు లేవు, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. నిజంగా చదువుతోందో లేదో ఇక్కడ తేలుతుంది.

బావమరిది వచ్చి మంచం కింద స్పాంజి మార్చాడు. "ఎలా ఉంది బావా, పైనుంచి మా లోకం?" అన్నాడు. "కిందనుంచి" అన్నాను. నవ్వాడు. వాళ్ళక్కయ్య వాణ్ణి కూరగాయలకు తోడు రమ్మంది. ఇద్దరూ వెళ్ళారు.

ఒక్క నిమిషం.

రెండో పేజీ సరిగ్గానే ఉంది.

సోమవారం

మూడో పేజీ. ఒక్క నిమిషం.

మధ్యాహ్నం నాలుగో పేజీ. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చదివితే తొందరగా అవుతుందని వేసుకున్నాను. ఎడమకన్ను నీళ్ళు కారింది. ఆమె మెట్లెక్కే చప్పుడు వినిపించి గభాలున లేచాను. కుర్చీ తగిలింది.

"ఏం చప్పుడండీ?"

"స్నానాల గదికి వెళ్ళొస్తున్నా. గోడ తప్పింది."

"నన్ను పిలవొచ్చు కదా. ఎక్కడైనా తగిలిందా?" అంది. వంగి నా మోకాలు తడిమి చూసింది. చన్నీళ్ళ గుడ్డ వేసింది.

నాలుగు పేజీల్లోనూ తప్పు లేదు. సంతోషించాలి.

మంగళవారం

ఆసుపత్రి నుంచి వచ్చాం.

డాక్టరమ్మ కట్టు విప్పి, దీపం పెట్టి చాలాసేపు చూసింది. "కింది అంచు దగ్గర పొర మళ్ళీ లేచింది" అంది.

"తల ఎత్తారా?" అని అడిగింది. కోపంగా కాదు. "నిజం కావాలి నాకు. ఎత్తినందువల్ల లేస్తే లేజరు పెట్టి మళ్ళీ బోర్లా పడుకోబెడతాను, అతుక్కోవచ్చు. ఎత్తకుండానే లేచిందంటే లోపల ఇంకేదో పట్టి లాగుతోందన్నమాట. అప్పుడు మళ్ళీ కోయాలి. చూడకుండా కొయ్యడం నాకిష్టం లేదు."

"ఎత్తలేదు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది, అందుకే అన్నాను. ఎందుకో తెలియదని రాయడం కూడా అబద్ధమే.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీరు చూస్తున్నారా? ఎత్తలేదా?"

"నేను పూటపూటా పక్కనే కూర్చోలేదండీ. వంటా, మందులూ ఉంటాయి కదా" అంది మా ఆవిడ. "ఆయన ఎత్తలేదంటే ఎత్తలేదు. దాన్ని ఇంకొకరు చూసి చెప్పక్కర్లేదు."

శుక్రవారం కోస్తారు.

మంగళవారమే

వంటింట్లోంచి తమ్ముడితో ఫోనులో మాట్లాడుతోంది. "నేనే సరిగ్గా చూసుకోలేదేమోరా. ఛాతీ కింద దిండు ఎత్తు ఎక్కువైందేమో. ఆదివారం నిన్ను తీసుకుని కూరగాయలకు వెళ్ళకుండా ఉండాల్సింది" అంటోంది. వాడు ఏమన్నాడో, "నీ కన్నం బాగానే ఉంది, నువ్వెందుకు ఏడుస్తావు?" అంది.

వాడు ఏడుస్తున్నాడట! తన కన్నం కొలత తప్పిందని.

నేను ఈ కన్నంలోంచి నేల చూస్తున్నాను. ఒక గండుచీమ పలక కిందికి వెళ్ళి, ఇటు వచ్చి, మళ్ళీ కిందికి వెళుతోంది. నేను కదలాలంటే ఒకటే దారి ఉంది, ఆ దారిలో ఆమె నిలబడి ఉంది. చెబితే తెలిసిపోయేది తల ఎత్తానన్న సంగతి ఒక్కటే కాదు. ఎందుకు ఎత్తానో చెప్పాలి. ఎందుకు అంటే దొంగ తప్పులు. చెప్పకపోతే కత్తి.

కత్తే నయమనిపిస్తోంది. మత్తు ఇస్తారు.

బుధవారం

పొద్దున ఆమె పక్కన కూర్చుని ఆసుపత్రికి సంచి సర్దుతోంది. నా చొక్కాలు మడతపెడుతూ, "ఈసారి నేను రెండుపూటలా మీ పక్కనే ఉంటాను. ఇంకా సెలవు అడిగాను. జీతం లేకుండానే అయితే అయింది" అంది.

"ఎత్తాను" అన్నాను.

"ఏం ఎత్తారు?"

"తల. నాలుగుసార్లు. ఒకసారి కుర్చీ వేసుకుని మరీ."

మడతపెట్టే చప్పుడు ఆగింది. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. పేజీలు చూడటానికి ఎత్తానని చెప్పాను. కామాకు ఫోను చేసి దొంగ తప్పులు పెట్టించానని చెప్పాను. పట్టుకున్నావని తెలిశాక కూడా, నీకు ముందే చెప్పారేమోనని మళ్ళీ ఎత్తానని చెప్పాను. నేలకు చెప్పాను, ఇంకెటూ చూడలేను కదా.

కాసేపటికి ఆమె పాదాలు కదిలాయి. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. నేల మీద కూర్చుని, వెనక్కి వాలి, మంచం కిందికి జరిగి వెల్లకిలా పడుకుంది. కన్నం కింద ఆమె ముఖం వచ్చింది. ఇన్ని రోజులకు ఆమె ముఖం. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఆ తప్పులు మీరు పెట్టించారా?" అంది.

"ఊ."

"నేను మీ ఆఫీసు వాళ్ళు పరాకు మనుషులనుకున్నాను. ఇల్లు అమ్మేసి ఊరెళ్ళాం అని ఉంటే నవ్వొచ్చింది కూడా. మీకు చెబితే, మీరు లేకపోతే మీ పేజీని ఇలా చేస్తున్నారని బెంగపెట్టుకుని లేచి కూర్చుంటారని భయమేసింది. అందుకే చెప్పకుండా దిద్దేశాను. దిద్దిందే చదివాను." ఆగింది. "మీరు లేవకూడదనే."

"కామా నీతో ఏం చెప్పింది, గుమ్మం దగ్గర?"

"ఇప్పుడు కూడా అడుగుతున్నారు" అంది.

నా ఎడమకంట్లోంచి నీళ్ళు ఆమె నుదుటి మీద పడ్డాయి. చెయ్యి దించి తుడిచే ధైర్యం లేకపోయింది. ఆమె తుడుచుకుంది. "మాస్టారు చాలా దిగులుగా ఉన్నారు, జాగ్రత్త అక్కయ్యా అంది. అంతే" అంది.

"మూడో ఎర్రగీత పడిన తప్పు నాదే. కంపోజింగు వాళ్ళది కాదు" అన్నాను. అదెందుకు చెప్పానో.

"తెలుసు. మీ రాతప్రతిలో కూడా అలాగే ఉంది."

జరిగి బయటికి వచ్చి లేచింది. నన్ను తిట్టలేదు. "ఇలాంటి పని మీరు కాక ఇంకెవరు చేస్తారు" అనలేదు. అంటే బాగుండేది. డాక్టరమ్మకు ఫోను చేసింది. బస్టాండు గొంతుతో, ఎక్కడా తడబడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి చాలాసేపు పారింది. ఆమె కుళాయి అలా వృథాగా వదిలే మనిషి కాదు.

గురువారం

లేజరు పెట్టారు. డాక్టరమ్మ తిట్టింది, సుతారంగా, చివరిదాకా. కోత తప్పిందట. కన్ను మాత్రం ముందున్నంత సూటిగా ఉండదు, అచ్చు గీతలు కాస్త వంగి కనిపిస్తాయి, అది ఇక మారదు. ఈ విడత తల దించుకుని ఉంటే ఆ మాత్రమైనా దక్కుతుంది. లేదంటే అదీ లేదు.

"ఎత్తరనే అనుకుంటాను" అనలేదు ఈసారి. మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నేల వైపు చూసిందనుకుంటాను. ఆమె పాదాలు కదల్లేదు.

ఇంటికొచ్చాక నాతో అన్న మొదటి మాట, "రేపటి నుంచి డ్యూటీకి వెళుతున్నాను."

వెళ్ళకూడదని ఎలా అనను? ఆ హక్కు నాకుందా?

గురువారమే

బావమరిది వచ్చాడు. వాళ్ళ మాటలు ముందుగదిలోంచి వినిపించాయి.

"నేను పని మానేసి బావ దగ్గర కూర్చుంటానక్కా. మళ్ళీ ఎత్తితే? కనీసం తాడు కట్టి వెళ్ళు" అన్నాడు. సగం నవ్వులాటకే, సగం కాదు.

"ఎవరూ ఉండక్కర్లేదు రా. తాడూ వద్దు, నువ్వూ వద్దు. నేను తలుపేసి వెళ్ళిపోతాను. ఆయన కన్ను ఆయనే చూసుకుంటారు."

"నిజంగానా?"

"నిన్న నాతో చెప్పకపోతే నాకు తెలిసేదా? చెప్పారు కదా" అంది.

"ఆయన కన్ను ఆయనే చూసుకుంటారు": ఎన్నాళ్ళుగా వెతికిన వాక్యం. అయిదో అర్థానికి మూడో ఆధారం. నిజంగా అన్నారు, నేను నిజంగా విన్నాను. చెయ్యి పుస్తకం మీదికి వెళ్ళింది. ఆఫీసుకు పంపుదామనుకుని ఆగిపోయాను. ఇది నిఘంటువులో పడేసే వాక్యం కాదు. ఇక్కడే ఉండనీ.

కామాకు ఫోను చేసి, ఆ పేజీలన్నిటికీ తననే సంతకం పెట్టమన్నాను. అయిదో అర్థం రెండు ఆధారాలతోనే వెళ్ళనీ అన్నాను.

"చదివి వినిపించనా మాస్టారూ?"

"అక్కర్లేదమ్మా."

"మీరేనా మాట్లాడుతోంది?" అంది.

శుక్రవారం

వెళ్ళింది. వెళ్ళేముందు మంచినీళ్ళ సీసాలో గొట్టం పెట్టి నా చేతికి అందేలా నేల మీద ఉంచింది. మందు చుక్కలు వేసింది. అన్నం గిన్నె పక్కన పెట్టి మూతేసింది. తల దించుకోండి అని చెప్పలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు. చెప్పులేసుకుంది. చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కింది. తలుపు పడింది.

బల్ల మీద ప్రూఫులు ఇంకా ఉన్నాయి. సాయంత్రం కామా వచ్చి తీసుకెళుతుంది. కావాలని వదిలి వెళ్ళిందా? పరీక్షా? ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాయను. ఇల్లంతా నాది, గదులన్నీ ఖాళీ, ఎవరూ చూడరు. కిటికీ దగ్గర కుర్చీ కూడా అక్కడే ఉండి ఉంటుంది. నన్ను ఎవరూ కట్టేయలేదు. ఇంతకంటే గట్టిగా ఎవరూ ఎప్పుడూ కట్టేయలేదు.

మధ్యాహ్నం మెడ నరాలు పట్టేశాయి. ఏడుపొచ్చింది. ఎండ నేల మీద నా ముఖం కిందిదాకా వచ్చి, పలక నీడలో ఆగి, వెనక్కి పోయింది.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. చెప్పులు విప్పింది. పాదాలు నా దగ్గరికి వచ్చి ఆగాయి. బస్టాండు దుమ్ము వేళ్ళ మధ్య ఉంది. ఎత్తారా అని అడుగుతుందని చూశాను. అడిగితే చెబుదామని పొద్దుటి నుంచి జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"కాఫీ పెట్టనా?" అంది.

పెట్టమన్నాను.

ఇవాళ తల ఎత్తలేదు. దీనికి ఆధారం లేదు.